ట్రంపెట్, బాకా, బూర, కొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పెళ్లి ఊరేగింపుల్లో, చర్చి పండగల్లో ట్రంపెట్ వాయించేవాళ్లం, పిల్లలకు నేర్పేవాళ్లం మేము. మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో సగం వాయిద్యం గురించి, మిగతా సగం పేరు గురించి. ఒకరు బాకా అంటారు, ఒకరు బూర అంటారు, ఒకాయన సన్నాయి అనేస్తాడు. పేరు మారితే మాకు నష్టం లేదు. కానీ ఒక పేరు కింద నాలుగు వాయిద్యాలను కలిపేస్తే ఆ నాలుగింటిని వాయించేవాళ్ల విద్యా కనబడకుండా పోతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

అసలు ట్రంపెట్ అంటే ఏది?

పెదాల అదురుతో పలికే ఇత్తడి గొట్టం. నోటి దగ్గర చిన్న గిన్నెలాంటి మౌత్‌పీస్, నడుమ వేళ్లతో నొక్కే 3 వాల్వులు, చివర విచ్చుకున్న బెల్. మనం మామూలుగా చూసే బీ ఫ్లాట్ ట్రంపెట్ గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే దాదాపు 1.48 మీటర్ల పొడవు ఉంటుంది.

ఊరికే గాలి ఊదితే ఇది పలకదు. మొదటిసారి పట్టుకున్న ప్రతివాళ్లూ బుగ్గలు ఉబ్బించి ఊదుతారు, అటు చివర గాలి మాత్రమే వస్తుంది. రెండు పెదాలూ దగ్గరికి బిగించి, ఆ సందులోంచి గాలి పంపి పెదాలనే అదిరించాలి. ఆ అదురును గొట్టం పెద్దది చేసి స్వరంగా మారుస్తుంది. అంటే ఈ వాయిద్యంలో తీగ గానీ, పీక గానీ ఉందంటే అది వాయించేవాడి పెదవే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద ఉన్న ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మీకే దొరుకుతుంది.

"అన్నా, గుడిలో వాయించేది కూడా ఇదే గదా?"

కాదు. గుడిలో మీరు వినేది నాదస్వరం. దాని చివర కూడా గరాటులా విచ్చుకుని ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూసినవాళ్లకు అలా అనిపిస్తుంది. నాదస్వరం కొయ్యతో చేస్తారు, నోట్లో పెట్టుకునే చోట రెల్లుతో చేసిన పీక ఉంటుంది, దాన్ని సీవాళి అంటారు. అదిరేది ఆ రెల్లు. స్వరాలు వేళ్లతో 7 రంధ్రాలు మూస్తూ తెరుస్తూ పలికిస్తారు. షెహనాయి, సన్నాయి దీనికి చుట్టాలు. ట్రంపెట్ వంశం వేరు.

ఈ రెండింటినీ కలిపేస్తే మాకు బాధే. నాదస్వరం తెలుగునాట నాయీబ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా కాపాడుకొచ్చిన విద్య. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి వాదన విన్నవాళ్లకు దాని స్థాయి ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. తిరుపతిలో టీటీడీ నాదస్వరానికి, డోలుకి ప్రత్యేకంగా పాఠశాలే నడుపుతోంది. పిల్లల్ని అటు పంపాలనుకుంటే అక్కడ అడగండి. మా దగ్గరికి వచ్చి "సన్నాయి నేర్పండి" అంటే మేము చేయగలిగింది లేదు.

మరి కొమ్ము? శంఖం?

ఇవి రెండూ ట్రంపెట్‌కి సొంత చుట్టాలు. రెండింట్లోనూ పలికేది పెదవే.

జాతరల్లో అర్ధచంద్రంలా వంగి, మనిషి తల మీదుగా పైకి లేచే ఇత్తడి కొమ్మును చూసే ఉంటారు. దానికి వాల్వులు లేవు, రంధ్రాలు లేవు. గొల్లల వీరుడు కాటమరాజు కథ చెప్పే కొమ్ములవాళ్లు కథ నడుమ దీన్ని ఊదుతారు. కథలో యుద్ధం వచ్చే ఘట్టంలో ఆ నాదం లేస్తే కూర్చున్నవాళ్ల ఒళ్లు గగుర్పొడుస్తుంది. రెండు మూడు స్వరాలతోనే అంత పని చేయడం మామూలు విషయం కాదని, అదే పని చేసే మాకు తెలుసు.

శంఖం కూడా అంతే. కొన కోసి, అక్కడ పెదాలు ఆనించి అదిరిస్తే పలుకుతుంది. కృష్ణుడి పాంచజన్యం, అర్జునుడి దేవదత్తం, భీముడి పౌండ్రం అని కురుక్షేత్రంలో ఒక్కొక్కరి శంఖానికి ఒక్కో పేరుంది. ఏడుకొండలవాడి చేతిలో రోజూ చూసే శంఖం ఊదే పద్ధతిలో ట్రంపెట్‌కి పూర్వీకురాలు. శంఖం బాగా ఊదగలిగే పిల్లవాడు మా దగ్గర చేరితే మొదటి రోజే ట్రంపెట్ పలికిస్తాడు, మిగతావాళ్లకు అందుకు కొన్నాళ్లు పడుతుంది.

తుత్తూరి, కాహళి, తిరుచ్చిన్నం?

తుత్తూరి, కాహళి అన్నవి ఊదే బూరలకు పాత పేర్లు. పద్యాల్లో, కావ్యాల్లో రాజు బయల్దేరినప్పుడల్లా కాహళులు మోగుతాయి. తిరుచ్చిన్నం మాత్రం ఇప్పటికీ దక్షిణాది గుళ్లలో కనబడుతుంది. సన్నగా, నిటారుగా ఉండే ఇత్తడి గొట్టాల జత అది. రెండింటినీ ఒకేసారి నోట పెట్టి ఊదుతారు.

బైబిల్లో వచ్చే బూర ఏది?

చర్చి వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. తెలుగు బైబిల్లో బూర అన్న ఒక్క మాట కింద రెండు వాయిద్యాలున్నాయి. యెరికో గోడల చుట్టూ యాజకులు ఊదినవి పొట్టేలు కొమ్ము బూరలు, జంతువు కొమ్ముతో చేసినవి. సంఖ్యాకాండం 10వ అధ్యాయంలో మోషేను చేయించమన్నవి రెండు వెండి బూరలు, అవి లోహం. మొదటిది మన కొమ్ముకు దగ్గర, రెండోది ట్రంపెట్‌కి దగ్గర. కొరింథీయుల మొదటి పత్రికలోని కడబూర మాట సమాధుల తోటల్లో, సంస్మరణ కూడికల్లో తరచూ వినబడుతుంది. ఈస్టర్ తెల్లవారుజామున ట్రంపెట్ వాయించమని మమ్మల్ని పిలిచేది కూడా ఆ భావంతోనే.

లోహపు బూర ఎంత పాతదో తెలియాలంటే ఈజిప్టు చూడాలి. 1922లో హోవర్డ్ కార్టర్ బృందం బయటపెట్టిన టుటన్‌ఖామున్ సమాధిలో రెండు బూరలు దొరికాయి, ఒకటి వెండిది, ఒకటి రాగి మిశ్రమంది. వాటి వయసు 3,300 ఏళ్లు దాటింది. 1939లో వాటిని ఊది బీబీసీ రేడియోలో ప్రసారం చేశారు.

బ్యూగిల్‌కి, ట్రంపెట్‌కి తేడా ఏమిటి? మా వాడు ఎన్‌సీసీలో బ్యూగిల్ ఊదుతాడు.

బ్యూగిల్‌కి వాల్వులు ఉండవు. పెదాల బిగువు మార్చితే ఏ స్వరాలు వస్తాయో అవే దాని ఆస్తి. మన భాషలో చెప్పాలంటే స, ప, పై స, పై గ, పై ప. అంతే. రి లేదు, మ లేదు, ధ లేదు. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం నాడు పెరేడ్ మైదానంలో అమరులకు నివాళిగా ఊదే లాస్ట్ పోస్ట్ బాణీ మొత్తం ఈ కొద్ది స్వరాల్లోనే నడుస్తుంది. ఒకసారి ఆ లెక్కతో వినండి.

మీ అబ్బాయికి పెదవి ఇప్పటికే కుదిరింది కాబట్టి ట్రంపెట్ త్వరగా వస్తుంది. కార్నెట్ అన్న మాట కూడా బ్యాండ్ వాళ్ల నోట వింటారు. అదీ 3 వాల్వులదే, కానీ గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోతుంది, అందుకే నాదం కాస్త మెత్తగా ఉంటుంది. వేళ్ల పద్ధతి ఒకటే.

మూడే వాల్వులు కదా, అన్ని స్వరాలు ఎలా వస్తాయి?

మాకు చాలా ఇష్టమైన ప్రశ్న. సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకు సరిగమల్లో చెబితే వెంటనే అర్థమవుతుంది.

వాల్వు నొక్కినప్పుడల్లా గాలి ఒక అదనపు గొట్టం ముక్కలోంచి తిరిగి వెళ్తుంది. గొట్టం పొడవైతే స్వరం కిందికి దిగుతుంది. రెండో వాల్వు ఒక స్వరస్థానం, అంటే ఒక మెట్టు, దించుతుంది. మొదటిది రెండు. మూడోది మూడు. మూడూ కలిపి నొక్కితే ఆరు స్థానాలు. ఇప్పుడు లెక్క చూడండి: వాల్వులేవీ నొక్కకుండా స వస్తుంది, ప వస్తుంది. ఆ రెంటి నడుమ దూరం ఏడు స్వరస్థానాలు. ప నుంచి ఒక్కో మెట్టు దిగుతూ ఆరు మెట్లు వాల్వులతో నింపేస్తే సరిగ్గా స పక్కకు వచ్చి ఆగుతాం. ఒక్క స్వరం కూడా తప్పిపోదు.

శంకరాభరణం రాగం ఇలా పలుకుతుంది: స ఖాళీ, రి ఒకటి మూడు, గ ఒకటి రెండు, మ ఒకటి, ప ఖాళీ, ధ ఒకటి రెండు, ని రెండు, పై స ఖాళీ. సంగీతం పాఠాలు మాయామాళవగౌళతో మొదలుపెట్టిన పిల్లలైతే రి దగ్గర మూడూ నొక్కాలి, ధ దగ్గర రెండు మూడు. మిగతావి అవే. గ, ధ రెంటికీ శంకరాభరణంలో ఒకే వేళ్లు కదా అని అడుగుతారు. అక్కడ తేడా చూపించేది పెదవి. ఒకటి మూడు నొక్కినప్పుడు, మూడూ నొక్కినప్పుడు శ్రుతి కాస్త పైకి పోతుంది. అందుకే మూడో గొట్టానికి ఉంగరం ఉంటుంది. ఎడమచేతి వేలు అందులో పెట్టి గొట్టాన్ని కొద్దిగా బయటికి నెట్టి సరిచేయాలి. ఆ వేలు పని నేర్పకుండా వదిలేసే చోట్లు ఉన్నాయి, ఆ పిల్లలు ఎంత సాధన చేసినా రిషభం తేడాగానే ఉంటుంది.

ఇంకొకటి. బీ ఫ్లాట్ ట్రంపెట్ మీద ఖాళీగా పలికే స మన లెక్కలో ఆరున్నర శ్రుతి. పాడేవాళ్లతో కలిసి వాయించాలంటే ముందు వాళ్ల శ్రుతి అడగండి.

ఈ వాల్వులు ఎప్పటి నుంచి ఉన్నాయి?

1818లో ప్రష్యాలో ష్టోల్ట్సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్నారు. అంతకుముందు ట్రంపెట్ కూడా బ్యూగిల్‌లాగే కొద్ది స్వరాలకే పరిమితం. 1796లో ఆస్ట్రియా స్వరకర్త హేడన్ తన ట్రంపెట్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కృతి) రాసింది ఆంటన్ వైడింగర్ అనే విద్వాంసుడి కోసం. ఆయన వాయిద్యానికి వాల్వులు లేవు, గొట్టం మీద రంధ్రాలు, వాటిని మూసే మీటలు ఉండేవి.

దీని మీద గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలుకుతాయా?

కొంతవరకు పలుకుతాయి. వాల్వును సగం నొక్కి, పెదవిని వదులు చేసి జారుడు తీసుకురావచ్చు. పెళ్లి బ్యాండుల్లో అనుభవమున్నవాళ్లు సినిమా పాటల్లో ఆ జారుళ్లు అలవోకగా వేస్తారు. కానీ తోడి రాగంలో గాంధారం (గ) ఊగాల్సినట్టు ఊగించడం చాలా కష్టం. క్లారినెట్‌ను ఏకేసీ నటరాజన్, శాక్సోఫోన్‌ను కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీతానికి తెచ్చారు. ఆ రెండింట్లో రెల్లు పీక ఉంటుంది కాబట్టి స్వరాన్ని వంచడం తేలిక. అరబ్బు రాగాల్లోని సూక్ష్మ స్వరాల కోసం లెబనాన్‌కు చెందిన నసీమ్ మలూఫ్ నాలుగో వాల్వు పెట్టించాడు, ఆయన కొడుకు ఇబ్రహీం మలూఫ్ ఇప్పుడు దాన్నే వాయిస్తున్నాడు. మన రాగాలకు కూడా అలాంటి ప్రయత్నం ఎవరైనా పట్టుదలగా చేయాలని మా కోరిక.

"వాడు ఫలానా నాయకుడి బాకా" అంటారు. ఆ మాటకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. రాజు రాకను చాటడం, ఆయన చెప్పమన్నది గట్టిగా చెప్పడం పాతకాలంలో బాకా పని. అందుకే ఒకరి మాటే తన మాటగా ఊరంతా చాటేవాణ్ని బాకా అన్నారు, ఒకే పార్టీని మోసే పత్రికను బాకా పత్రిక అన్నారు. వాడుకలో స్థిరపడిన మాటను మేము కాదనలేం. కానీ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాణ్ని ఇంట్లో "ఏరా, బాకా ఊదను పోతా ఉండావా" అని వెక్కిరిస్తే వాడు నెల తిరక్కుండా మానేస్తాడు. అలా అనకండి.

తన గొప్ప తాను చెప్పుకోవడానికి మాత్రం మనవాళ్లు బాకాను వాడలేదు, సొంత డబ్బా అన్నారు. ఆ నింద మా వాయిద్యానికి తప్పింది.

గ్రామఫోన్ మీది గరాటును, గుడి మీద కట్టే మైకు గరాటును కూడా బాకా అంటారు. వినికిడి యంత్రాలు రాకముందు చెవిలో పెట్టుకునే గరాటు బాకాలు ఉండేవి. వినికిడి తగ్గిన స్వరకర్త బీథోవెన్ అలాంటివి వాడాడు.

మహారాష్ట్ర ఎన్నికల్లో ట్రంపెట్ గొడవ ఏమిటి?

పేర్లు కలిసిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో శరద్ పవార్ వర్గానికి తుతారీ ఊదుతున్న మనిషి గుర్తు వచ్చింది. అది మన కొమ్ములా వంగిన సంప్రదాయ వాయిద్యం. అదే ఎన్నికల్లో కొందరు స్వతంత్రులకు ట్రంపెట్ గుర్తు ఇచ్చారు, మరాఠీలో దాన్నీ తుతారీ అనే రాశారు. సతారాలో శరద్ పవార్ వర్గం ఎంత తేడాతో ఓడిందో అంతకంటే ఎక్కువ ఓట్లు ట్రంపెట్ గుర్తుకు పడ్డాయి. ఓటర్లు పొరబడ్డారని ఆ పార్టీ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది.

డాక్టర్ల భాషలో కూడా ట్రంపెట్ ఉందట, నిజమేనా?

నిజమే. 1561లో ఇటలీ వైద్యుడు ఫాలోపియో గర్భాశయం పక్కన ఉండే నాళాలను వర్ణిస్తూ, చివర విచ్చుకున్న ఆకారం చూసి లాటిన్‌లో టూబా అన్నాడు. ఆ మాటకు బాకా అని అర్థం. తర్వాతి కాలంలో అది ట్యూబుగా మారిపోయింది. పిల్లల కోసం ఆస్పత్రికి వెళ్లే ఆడవాళ్లకు రాసే హెచ్ఎస్‌జీ పరీక్ష పూర్తి పేరు హిస్టెరోసాల్పింగోగ్రఫీ, అందులో సాల్పింగో అన్న ముక్క ఉంటుంది. గ్రీకులో సాల్పింక్స్ అంటే బాకాయే.

చెవికీ గొంతుకీ మధ్య ఉండే యూస్టేషియన్ నాళానికి కూడా లాటిన్‌లో టూబా అనే పేరు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చెవులు గడేసినట్టయి, గుటక వేయగానే టప్పున తెరుచుకుంటాయి చూడండి, తెరుచుకునేది అదే. జలుబుతో అది మూసుకుపోయి ఉన్నప్పుడు ట్రంపెట్ గట్టిగా ఊదకండి, చెవి నొప్పి వస్తుంది.

ట్రంపెట్ పువ్వు అని నర్సరీలో అమ్ముతున్నారు. పెంచుకోవచ్చా?

ఆ పేరుతో చాలా మొక్కలున్నాయి కాబట్టి ఏదో చూసి కొనండి. ఊటీ, కొడైకెనాల్ వైపు పెద్ద పెద్ద పూలు కిందికి వేలాడుతూ కనబడేది బ్రుగ్‌మాన్సియా, ఏంజెల్స్ ట్రంపెట్ అంటారు. మన ఉమ్మెత్త దానికి దగ్గరి చుట్టం, కాకపోతే ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది. వినాయక చవితి 21 పత్రుల్లో దత్తూర పత్రం ఈ ఉమ్మెత్తదే. శివపూజకు కూడా వాడతారు.

రెండూ విషమే. ఆకు, పువ్వు, గింజ అన్నింట్లో అట్రోపిన్, స్కోపోలమిన్ లాంటివి ఉంటాయి. తింటే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, మనిషి పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు. ప్రాణం పోవచ్చు కూడా. పువ్వు బూరలా ఉందని పిల్లలు నోట్లో పెట్టుకుని ఊదుతారు, అందుకే ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాం. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. పొరపాటున తింటే ఇంటి వైద్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఏనుగు అరుపును ట్రంపెట్ అంటారెందుకు?

తొండంలోంచి గాలిని బలంగా తోసినప్పుడు వచ్చే నాదం బాకాలా ఉంటుందని ఇంగ్లీషువాళ్లు అలా అన్నారు. మనకు ఘీంకారం అన్న మాట ఉంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి పక్కన పొలాలున్న రైతులకు ఈ శబ్దం బాగా తెలుసు. రెండు శతాబ్దాలుగా కనబడని ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి అక్కడికి మళ్లీ వచ్చాయి. ఘీంకారం వినిపించిందంటే ఏనుగు బెదిరిందనో, కోపంగా ఉందనో అనుకుని అటువైపు పోకుండా ఉండటం మంచిది. అవి తమలో తాము మాట్లాడుకునేది చాలావరకు మన చెవికి అందని మంద్రంలో.

రోడ్లకు ట్రంపెట్ ఏమిటి?

ఒక పెద్ద రోడ్డులో ఇంకో రోడ్డు వచ్చి కలిసే చోట, వాహనాలు ఆగకుండా మళ్లడానికి ఒకవైపు గుండ్రంగా తిప్పి కట్టే కూడలి. పైనుంచి చూస్తే ట్రంపెట్ చుట్టలా ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కోకాపేట దగ్గర ఉన్నది అలాంటిదే.

పెళ్లికి వాయించినవాళ్లే చావుకీ వాయిస్తారు. తప్పు కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువేం కాదు. చిత్తూరు వైపు, ముఖ్యంగా తమిళనాడు సరిహద్దు ఊళ్లల్లో, పెద్ద వయసులో పోయినవాళ్లను మేళతాళాలతో సాగనంపడం ఉంది. పొద్దున ఆ పని చేసి, సాయంత్రం స్నానం చేసి, బట్టలు మార్చుకుని పెళ్లికి వస్తాం. ఇద్దరికీ ఊపిరి ఒకటే. పోయినవాళ్లకు మర్యాద చేసిన వాయిద్యం పెళ్లివాళ్లకు అశుభమని మేము ఒప్పుకోం.

ఊరేగింపు జరిగేటప్పుడు ఒక్కసారి ట్రంపెట్ వాయించేవాడి మొహం చూడండి. మూడు గంటలు నడుస్తూ వాయించాక పై పెదవి మీద మౌత్‌పీస్ అంచు ఎర్రటి వలయంలా అచ్చు పడి ఉంటుంది. పెదవి వాచి, పై స్థాయి స్వరాలు పలకడం మానేస్తాయి. అప్పుడు ఎవరో వచ్చి నోట్లో నోటు పెట్టి "ఇంకో పాట" అంటారు. డబ్బు చేతికివ్వండి. నోట్లో పెట్టకండి. పావుగంట కూర్చోనిచ్చి మంచినీళ్లివ్వండి, ఆ తర్వాత పాట మీకే బాగుంటుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? ఆడపిల్లలకు నేర్పుతారా?

పాలపళ్లు ఊడి ముందు పళ్లు గట్టిగా వచ్చాక, అంటే 8 నుంచి 10 ఏళ్ల మధ్య. పళ్లకు క్లిప్పు వేసుకున్నవాళ్లు డాక్టరును అడిగి రావాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు కూడా అంతే, అది ఉన్నంత మాత్రాన నేర్చుకోకూడదని లేదు.

ఆడపిల్లలకు తప్పకుండా నేర్పుతాం. పెదవికి, ఊపిరికి ఆడ మగ తేడా లేదు. ఇంగ్లండ్‌కు చెందిన ట్రంపెట్ విద్వాంసురాలు ఆలిసన్ బాల్సమ్ వాదన ఒకసారి వినిపించండి.

ఎలాంటిది కొనాలి?

మన బ్యాండుల్లో కనబడేవి చాలావరకు మీరట్‌లో తయారైనవి. అక్కడి జాలీ కోఠీ వీధి బ్యాండు వాయిద్యాలకు పేరుపడింది. వీలుంటే యమహా లాంటి కంపెనీది సెకండ్ హ్యాండ్‌లో చూడండి. కొనేముందు మూడు పనులు చేయండి. వాల్వులు నొక్కి వదలండి, వెంటనే పైకి లేవాలి. రెండో వాల్వు గొట్టాన్ని, వాల్వు నొక్కకుండా, పక్కకు లాగండి. టప్ మని శబ్దం వస్తే లోపల గాలి కారడం లేదని అర్థం. మౌత్‌పీస్ పెట్టే గొట్టం మీద గులాబీ రంగు మచ్చలున్నాయేమో చూడండి. ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోతోందని అర్థం, అది వద్దు. మౌత్‌పీస్ 7సీ సైజుది చాలు. అది మాత్రం ఎవరిది వాళ్లదే, నలుగురూ ఒకటే వాడకూడదు.

చింతపండుతో తోమితే మెరుస్తుందా?

దయచేసి తోమకండి. దేవుడి సామాన్లకు పనికొచ్చే చింతపండు, పీతాంబరి పొడి దీనికి పనికిరావు. ట్రంపెట్ మీద పల్చటి లక్కరు పూత ఉంటుంది. పొడితో రుద్దితే అది గీసుకుపోతుంది, ఆ తర్వాత నల్లబడటం ఆగదు. వాల్వులు తీసి పక్కన పెట్టి, గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రెండు చుక్కలు వేసి కడిగి, మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. వాల్వులకు వాల్వు నూనే వేయాలి. కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకట్టి వాల్వులను పట్టేస్తుంది.

కిందున్న చిన్న మీట నొక్కితే కారేది ఉమ్మి అనుకుంటారు. చాలావరకు అది ఊపిరిలోని తేమ చల్లబడి నీరైనదే.

ఎండాకాలం శ్రుతి ఎందుకు పెరుగుతుంది?

గొట్టంలో గాలి వేడెక్కితే స్వరం పైకి పోతుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ముహూర్తమంటే ట్యూనింగ్ గొట్టం కొద్దిగా బయటికి లాక్కోవాల్సిందే. నీడలో శ్రుతి చేసుకుని ఎండలోకి వచ్చి వాయిస్తే కీబోర్డుతో అసలు కలవదు. వాయించే చోటే నిలబడి, రెండు నిమిషాలు ఊది, అప్పుడు శ్రుతి చూసుకోండి.

మౌత్‌పీస్ ఇరుక్కుపోయింది. పట్టకారుతో తీయొచ్చా?

వద్దు. పట్టకారుతో తిప్పితే ముందు గొట్టం మెలిక పడుతుంది, ఆ రిపేరుకు అయ్యే ఖర్చుతో కొత్త మౌత్‌పీస్‌లు నాలుగు వస్తాయి. దాన్ని లాగడానికే ఒక పనిముట్టు ఉంది, వాయిద్యాలు బాగుచేసే వాళ్ల దగ్గర ఉంటుంది, అయిదు నిమిషాల పని. ఇకమీదట పెట్టేటప్పుడు అరచేత్తో కొట్టకండి. మెల్లగా ఆనించి, కొద్దిగా తిప్పి వదిలేయండి.